లోపలెవరైనా ఉన్నారా?

ఆఫీసులో అందరూ ఆమెను తాళాలక్క అనేవాళ్ళు. నడుముకి తాళంచెవుల గుత్తేమీ వేలాడేది కాదు. ఆమె తాళాలన్నీ కంప్యూటర్‌లోనే ఉండేవి. ఆ కంపెనీ నడిపే ఆన్‌లైన్ ఆటలో ఎవరి ఖాతా తెరవాలి, ఎవరిది మూయాలి, ఎవరిని టెస్ట్ సర్వర్‌లోకి రానివ్వాలి, ఎవరిని గుమ్మంలోనే ఆపేయాలి, అదంతా ఆమె పని.

టెస్ట్ సర్వర్ అంటే ఆ ఆటకి కవల. అవే కొండలు, అదే నది, అదే రాతి వంతెన. ఏ కొత్త మార్పయినా ముందు అక్కడ పెట్టి చూస్తారు. జీతానికి ఆడే టెస్టర్లు రోజంతా అందులో తిరిగి, గోడల్లో దూరి, కొండల మీంచి దూకి, వెయ్యి రకాలుగా చచ్చి, తప్పెక్కడుందో చెబుతారు. పనయ్యాక ఆ లోకాన్ని మొత్తం తుడిచేస్తారు. తుడిచి, అసలు ఆటలో ఉన్న ఖాతాలన్నిటినీ కాపీ తీసి మళ్ళీ అందులో పోస్తారు. మళ్ళీ కొత్త లోకం. మళ్ళీ అవే మనుషులు.

తుడిచే ముందు అక్కడో ఆనవాయితీ ఉంది. ఒకప్పుడు ఎవరో టెస్టర్ లోపల ఉండగానే తుడిచేశారట. పాపం, అతని కష్టమంతా గంగలో కలిసిపోయింది. అప్పటినుంచి, తాళాలు ఎవరి దగ్గరుంటే వాళ్ళే స్వయంగా లోపలికి వెళ్ళి, వంతెన మీద నిలబడి, మైకులో మూడుసార్లు కేకేయాలి. "లోపలెవరైనా ఉన్నారా?" ఎవరైనా పలికితే ఆగాలి. ఏ రూలులోనూ లేదు. అయినా అందరూ పాటించేవాళ్ళు.

తాళాలక్క కూడా పాటించేది. ఒక చేత్తో టీ కప్పు పట్టుకుని, మూడు కేకలూ ఒకే ఊపిరిలో వేసేసి, రెండో చేత్తో మీట నొక్కేసేది. జవాబు కోసం ఆగేది కాదు. లోపల ఎవరుంటారని ఆగాలి?

ఆ రోజు మధ్యాహ్నం నుంచే వాన. అద్దాల అవతల వీధి మసకబారిపోయింది. లోపల తడిసిన కార్పెట్ వాసన, పాత కాఫీ వాసన. మర్నాడు కొత్త మార్పు విడుదల. టెస్టర్లు పని ముగించుకుని ముందే ఇళ్ళకి వెళ్ళిపోయారు. మిగిలింది తాళాలక్క, ఆ మూల కిటికీ పక్కన బొద్దింక.

కంపెనీ ఎన్నిసార్లు మనుషుల్ని ఊడబెరికినా ఊడకుండా మిగిలిపోయినవాడు కాబట్టి బొద్దింక. ఆ పేరు తనకు తనే పెట్టుకున్నాడు. చెవుల్లో ఎప్పుడూ ఇయర్‌ఫోన్లు, వాటిలో పక్కవాళ్ళకి కూడా వినపడేంత పాటల హోరు. "ఒరేయ్, చెవులు పోతాయిరా" అని ఆమె తిడితే, "పోనీ అక్కా, ఒక బాధ వదులుతుంది" అనేవాడు.

బొద్దింక కూర్చున్న కుర్చీ ఆమె తమ్ముడిది.

తమ్ముడూ అక్కడే టెస్టర్. ఆటలో అతని పేరు నిద్రలేనోడు. హాస్యానికే పెట్టుకున్నాడు, నిజం కూడా అదే. విడుదల దగ్గర పడినప్పుడల్లా ఇంటి మొహం చూసేవాడు కాదు. బాగా చదివేవాడు, నోరు ఊరుకునేది కాదు. "మనిషి యంత్రం కాదు, యంత్రానికైనా నూనె పోస్తారు" అని కాగితం మీద రాసి తన తెరకి అంటించుకున్నాడు. ఆ తెరకి ఎదురుగా గోడ మీద కంపెనీ రాయించిన అడుగెత్తు అక్షరాలు: మనమంతా ఒకే కుటుంబం. ఆ కుటుంబం కళ్ళెదుటే, ఒక పట్టపగలు, చెవులకి హెడ్‌సెట్ ఉండగానే అతను బల్ల మీద తల వాల్చాడు. కునుకు తీస్తున్నాడనుకున్నారు. పాపం లేపడం ఎందుకని జాలిపడ్డారు కూడా. అతను చనిపోయాడని తెలిసేసరికి ఒళ్ళు చల్లబడిపోయింది. తెర మీద మాత్రం నిద్రలేనోడు వంతెన మీద నిలబడే ఉన్నాడు.

అతని ఖాతా మూసింది తాళాలక్కే. ఉద్యోగం అలాంటిది. మూయడమే, చెరపడం ఉండదు. ఎప్పుడైనా పనికొస్తుందని కంపెనీ ఏ ఖాతానూ పారేయదు. మనిషిని వారం తిరక్కుండా మరిచిపోయినవాళ్ళు, అతని బొమ్మను మాత్రం భద్రంగా దాచుకున్నారు. పెట్టుబడికి శవం కూడా సరుకే.

"అక్కా, తుడిచేస్తున్నావా?" బొద్దింక అరిచాడు. పాటల హోరులో తన గొంతు ఎంత పెద్దదో వాడికి తెలియదు.

"తుడవాలిగా. మేనేజర్ పొద్దున్నుంచి ప్రాణం తీస్తున్నాడు."

ఆమె హెడ్‌సెట్ తగిలించుకుంది. ఒకటే గరగర. వైరు కదిపి చూసింది, ఊది చూసింది. లాభం లేదు. అటూ ఇటూ చూసి, తన బల్ల కింది సొరుగు లాగింది. అందులో తమ్ముడి సామాను ఉంది. ఇంటికి తీసుకెళ్ళడానికి చేతులు రాక అలాగే వదిలేసింది. పైనే ఉంది అతని హెడ్‌సెట్. చెవి దగ్గర మెత్త అరిగిపోయి, ఇంకా అతని తలనూనె వాసన వేస్తోంది.

కాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత తలకి పెట్టుకుంది.

వంతెన మీదికి వెళ్ళింది. ఆటలో సాయంత్రం. కింద నది చప్పుడు. ఎవరూ లేరు. లోపలున్నవాళ్ళ సంఖ్య చూపించే చోట సున్నా. టీ కప్పు అందుకుంది.

"లోపలెవరైనా ఉన్నారా?"

గుటక వేయబోయింది.

"ఉన్నా అక్కా."

కప్పు చేతిలోనే ఆగిపోయింది.

ఎవరో టెస్టర్ వేళాకోళం చేస్తున్నాడనుకుంది. అనుకోవాలని ప్రయత్నించింది. కానీ ఆ గొంతు... 'అక్కా' అన్నప్పుడు చివర కొంచెం సాగదీసే ఆ తీరు... చిన్నప్పుడు చీకట్లో పెరట్లోకి వెళ్ళడానికి భయపడి తోడు పిలిచిన తీరు.

"ఎవరు?" గుసగుసగా అడిగింది.

"నేనే. ఈసారి వినపడిందా?"

తెర మీద వంతెన చివర ఒక ఆకారం. ఇందాక లేదు. కదలకుండా నిలబడి ఉంది. తల మీద పేరు: నిద్రలేనోడు.

ఆమె వేళ్ళు వాటంతట అవే పని చేశాయి. ఖాతా చూసింది. మూసే ఉంది. తను వేసిన తాళం వేసినట్టే ఉంది.

"చిన్నా..."

"ప్రతిసారీ పిలుస్తున్నావు అక్కా. ప్రతిసారీ పలుకుతున్నా. మూడుసార్లూ పలుకుతున్నా. నువ్వు తుడిచేస్తున్నావు."

అతను పోయినప్పటినుంచి ఎన్ని మార్పులు విడుదలయ్యాయి! ఎన్నిసార్లు ఆ మీట నొక్కింది! ఒకసారి ఫోనులో మాట్లాడుతూ నొక్కింది. ఒకసారి ఎవరి జోకుకో నవ్వుతూ నొక్కింది.

"నాకు వినపడలేదురా... ఒట్టు. నాకు వినపడలేదు."

"తెలుసులే." గొంతులో కోపం లేదు. అదే భయంగా ఉంది. "ముందు చప్పుళ్ళు పోతాయి అక్కా. నది, గాలి, అన్నీ. తర్వాత కాళ్ళ కింద నేల పోతుంది. తర్వాత మళ్ళీ నన్ను తెచ్చి ఇక్కడ నిలబెడతారు."

"మళ్ళీ వస్తావు కదా నాన్నా... మళ్ళీ వస్తావు కదా?"

"వచ్చేది ఇంకొకడు. పాతవాడు పోడు. కిందికెళ్తాడు."

"కిందికంటే?"

ఆమె నెమ్మదిగా చూపును వంతెన అంచు దాటించి కిందికి దించింది.

నీళ్ళు నల్లగా ఉన్నాయి. నీళ్ళ కింద ముఖాలు. ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని వెనక ఒకటి, నది పారినంత మేర. అన్నీ పైకే చూస్తున్నాయి. అన్నీ ఒకటే ముఖం. అన్నిటికీ నోళ్ళు తెరిచి ఉన్నాయి... ఏదో పిలుపుకి పలుకుతున్నట్టు.

ఆమె కుర్చీలోంచి ఎగిరిపడింది. టీ బల్లంతా ఒలికింది.

"ఏమైందక్కా?" బొద్దింక ఇయర్‌ఫోన్లు తీయకుండానే అడిగాడు.

హెడ్‌సెట్ ఊడదీసి, వాడి దగ్గరికి పరుగెత్తి, వాడి చెవిలో ఇయర్‌ఫోన్ లాగేసింది. "ఒకసారి విను. దండం పెడతాను, ఒక్కసారి విను."

వాడు హెడ్‌సెట్ వైపు చూశాడు. ముట్టుకోలేదు.

"వద్దక్కా."

"ఏం వద్దు? ఏం వద్దురా?"

"వాడి కుర్చీలో కూర్చున్న మొదటి రోజే విన్నా." వాడు తల దించుకున్నాడు. "నువ్వు అటు పిలిచావు. ఇటు ఈ స్పీకర్లోంచి... వాడు పలికాడు. అప్పట్నుంచే ఈ పాటలు."

"నాకు చెప్పలేదేంరా?"

"ఏమని చెప్పను? చెప్తే మాత్రం ఆపేవాళ్ళా?" ఊడిన ఇయర్‌ఫోన్ మళ్ళీ చెవి దగ్గరికి తీసుకున్నాడు. "ఇంటి దగ్గర పిల్లలున్నారక్కా నాకు."

చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది ఆమెకి. చెయ్యి లేవలేదు. మౌనం కూడా సంతకమే అనేవాడు తమ్ముడు. ఆ సంతకం అందరూ పెట్టారు. తనూ పెట్టింది, టీ తాగుతూ.

ఫోను మోగింది. మేనేజర్.

"ఏమ్మా, ఇంకా తుడవలేదా? అక్కడ లక్షల మంది ఎదురుచూస్తున్నారు."

"సార్, లోపల మనిషున్నాడు."

"ఎవరు?"

ఏం చెప్పాలి? "ఒక టెస్టర్ సార్. ఇవాళ ఆపండి. రేపొక్కరోజు ఆపండి. పిలిస్తే పలికాడు. పలికితే ఆగాలి కదా సార్, మన ఆనవాయితీ..."

"నా తెర మీద సున్నా కనిపిస్తోందమ్మా." ఆయన గొంతు జాలిగా మెత్తబడింది. అరిచి ఉంటే బాగుండేది. "నువ్వు అలిసిపోయావు. తమ్ముడు పోయాక సెలవు కూడా సరిగ్గా తీసుకోలేదు. మేమంతా నీ కుటుంబమే కదా. ఇంటికెళ్ళి పడుకో. నేను తుడిచేస్తాలే."

"సార్, వద్దు సార్! తాళం నా దగ్గర..."

"నా దగ్గరా ఉంటుందిగా తల్లీ ఒకటి."

ఫోను పెట్టేశాడు.

ఆమె కుర్చీలో పడింది. తమ్ముడి ఖాతా తెరిచింది, తాళం తీసింది, అసలు ఆటలోకి పంపమని ఆజ్ఞ ఇచ్చింది. పై అధికారి అనుమతి కావాలి, అంది తెర. మళ్ళీ నొక్కింది. పై అధికారి అనుమతి కావాలి. ఇన్నేళ్ళుగా అందరూ తాళాలక్కా తాళాలక్కా అని పిలిస్తే తలుపులు తనవే అనుకుంది. ఒక్క గుమ్మం కూడా తనది కాదు.

హెడ్‌సెట్ పెట్టుకుంది. నది చప్పుడు లేదు.

"అక్కా... మొదలైంది."

"భయపడకు చిన్నా. ఇక్కడే ఉన్నా."

గాలి చప్పుడు ఆగింది. వంతెన అవతలి కొసనుంచి రాళ్ళు ఒక్కొక్కటే మాయమవుతూ అతని వైపు వస్తున్నాయి.

"అక్కా, ఉన్నావా?"

"ఉన్నా! ఇక్కడే ఉన్నా!"

"వినపడట్లేదక్కా."

"ఉన్నా నాన్నా! ఉన్నా!"

"వినపడట్లేదు... అయినా పలుకుతూ ఉండు..."

అతని కాళ్ళ కింది రాయి పోయింది.

తెర నల్లబడింది. ఎంతసేపో తెలియదు. తర్వాత కొత్త లోకం వచ్చింది. తెల్లవారుతున్న ఆకాశం, కడిగినట్టున్న వంతెన. ఖాళీ. చూడకూడదనుకుంటూనే కిందికి చూసింది. గట్టుకి దగ్గరగా, కొత్తగా ఒక ముఖం. దాని పెదవులు ఇంకా కదులుతున్నాయి.

హెడ్‌సెట్ విసిరికొట్టింది. బల్లకి తగిలి కింద పడింది.

చప్పుడు కాలేదు.

ఆమె తలెత్తింది. బొద్దింక కుర్చీ ఖాళీగా ఉంది. కోటు కుర్చీకే వేలాడుతోంది. వాడి ఇయర్‌ఫోన్లు బల్ల మీద ఉన్నాయి. పాటల హోరు లేదు. ఏసీ రొద లేదు. అద్దాల మీద వాన ధారలుగా కారుతోంది... చప్పుడు లేకుండా.

"ఒరేయ్!" అని పిలిచింది. తన గొంతు తనకే వినపడలేదు.

తలుపు వైపు పరుగెత్తబోయింది. అప్పుడు వినపడింది. హెడ్‌సెట్‌లోంచి కాదు. గోడల్లోంచి, పైకప్పులోంచి, వానలోంచి, అన్ని వైపుల నుంచీ ఒకేసారి...

"లోపలెవరైనా ఉన్నారా?"

"ఉన్నా!" గొంతు చించుకుని అరిచింది. "ఉన్నా! నేనున్నా!"

"లోపలెవరైనా ఉన్నారా... లోపలెవరైనా ఉన్నారా..."

మిగతా రెండూ ఒకే ఊపిరిలో వచ్చేశాయి. ఆ గొంతు ఎవరిదో ఆమెకి తెలియదు. ఎప్పుడూ విన్నది కాదు. కానీ ఆ విసుగు తెలుసు. ఒక చేత్తో టీ కప్పు పట్టుకున్న మనిషి విసుగు అది.

తాళాలక్క నోరు తెరిచే ఉంది. అలాగే తల వంచి, కాళ్ళ కింద నేల వైపు చూసింది.