బావి తేన్పు

"సోమవారం ఆ సభకి వెళ్ళావంటే వెళ్ళిన దారినే పో. మళ్ళీ ఈ గడప తొక్కకు."

ఆ మాట అని ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో భర్త తనను పొమ్మనడం అదే మొదలు. ఆమె ఏడవలేదు. కంచం తీసి, బల్ల తుడిచి, పెరట్లోకి వెళ్ళి, ఆయన విప్పిన చొక్కా బకెట్లో వేయబోయి ఆగింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. అదే వాసన... కుళ్ళిన ఉల్లిపాయలాంటి గ్యాసు వాసన. మొన్న ఉతికిన చొక్కాదీ ఇదే వాసన.

ఆయన గ్యాసు నిల్వ కేంద్రంలో ఫోర్‌మన్. ఊరంతా ఆయన్ను బావుల డాక్టరంటుంది. ఒకప్పుడు నూనె తోడేసి వదిలేసిన నేల అది. ఇప్పుడు వేసవిలో గ్యాసును ఆ ఖాళీలోకి దింపి దాస్తారు. చలికాలం రాగానే పైకి తీసి ఊళ్ళకు పంపుతారు. దింపడానికీ తీయడానికీ ఇరవై రెండు బావులు. బావి అంటే చేద వేసే బావి కాదు, గొట్టంలో గొట్టం. గ్యాసు లోపలి గొట్టంలోనే నడవాలి. బయటి గొట్టం కాపలాకి మాత్రమే, అందులో ఏమీ ఉండకూడదు. ఏమీ లేదని చూపించడానికి దానికో గేజి. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు ఆ గేజి ముల్లు సున్నా మీద ఉందో లేదో చూసి, సంతకం పెట్టి పోతాడు.

వస్తున్నామని వారం ముందే ఉత్తరం వస్తుంది. వచ్చే రోజు పొద్దున్నే ఆయన ఏడో నంబరు బావి దగ్గరికి వెళ్ళి బయటి గొట్టం వాల్వు కాస్త తిప్పుతాడు. బుస్సుమని గ్యాసు పోతుంది, ముల్లు సున్నాకి దిగుతుంది. దానికి అక్కడి పనివాళ్ళు పెట్టుకున్న పేరు తేన్పు. "చంటిపిల్లకి వీపు తట్టినట్టేనే. తేన్పు వస్తే బావికి సుఖం" అని పెళ్ళయిన కొత్తలో ఆయనే నవ్వుతూ చెప్పాడు. ఆమె నమ్మింది. ఆయనా నమ్మాడు. ఆయనకు పని నేర్పిన పాత ఫోర్‌మనూ నమ్మాడు. చెడ్డపని అని తెలిసి చేసేవాణ్ణి ఆపవచ్చు. మంచిపని అనుకుని చేసేవాణ్ణి ఆపడం ఎవరి తరం?

పోయిన నెల ప్రతి గుమ్మానికీ ఒక నోటీసు అంటించి వెళ్ళారు. భూమిలో గ్యాసు దాచే బావులకు భద్రతా నియమాలు మారుస్తున్నారట. అందుకు సభ పెడుతున్నారట. బావుల చుట్టుపక్కల ఉండేవాళ్ళు ఎవరైనా వచ్చి తమ మాట చెప్పవచ్చట. ఆమె చదివింది ఏడో తరగతి. వేలు పెట్టి ఒక్కో మాటే చదువుకుంటూ పోయింది. 'బయటి గొట్టంలో ఒత్తిడి కనిపించిందంటే లోపలి గొట్టం కారుతున్నట్టే' అన్న చోట వేలు ఆగిపోయింది.

ఏడో నంబరుకి తొంభై అడుగుల దూరంలో కంపెనీ క్వార్టర్ల చివరి వరస. ఆ వరసలో కూతురి ఇల్లు. మనవడికి తొమ్మిదో నెల. వాడు పాకుతూ పాకుతూ వాకిలి దాటి, బావి చుట్టూ వేసిన ఇనుప కంచె పట్టుకుని నిలబడటం నేర్చుకుంటున్నాడు. వాడు అలా నిలబడినప్పుడల్లా ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు. తనూ కొట్టింది... ఆ చేతులతోనే కదా, ఇన్నేళ్ళూ వాసన చొక్కాలు ఉతికి, ఆ వాసన ఎందుకు పెరుగుతోందని ఒక్కనాడూ అడగకుండా ఆరేసింది. నోటీసు చదివిన దగ్గర్నుంచీ లోలోపలే నలిగి, చివరికి ఆ పొద్దున భర్త ముందు కంచం పెట్టి అడిగేసింది.

"ఏమండీ, చంటిపిల్ల పాలు తాగితే తేనుస్తుంది. బయటి గొట్టానికి పాలెవరు పోశారు?"

ఆయన ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది.

"నీకెందుకవన్నీ?"

"ఎవరూ పొయ్యకపోతే లోపలి గొట్టం కారుతున్నట్టేగా. మీకు తెలియదా?"

"నలభై ఏళ్ళ నుంచి కారుతోంది. ఏమైంది? పాత బావులన్నాక ఆమాత్రం ఉంటుంది. కంపెనీ పాత బావులకి మినహాయింపు అడుగుతోంది. నువ్వెళ్ళి నోరు తెరిచావంటే అది కాస్తా పోతుంది. ఉన్న ఇల్లు కంపెనీది. అల్లుడి ఉద్యోగం కంపెనీది. తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?"

"వాసాలు కాలుతుంటే లెక్కపెట్టక ఏం చెయ్యమంటారు?"

అప్పుడే ఆయన ఆ పొమ్మనే మాట అన్నాడు.

మధ్యాహ్నానికి కూతురు పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చింది. తండ్రి చెప్పి పంపినట్టుంది, వచ్చీ రాగానే అందుకుంది.

"అమ్మా, నీకు మతిపోయిందా? నాన్నని నలుగురిలో నిలబెడతావా?"

"నిన్ను నిలబెట్టుకోవాలనే."

"నేను అడిగానా? మా ఆయన అక్కడే పని చేస్తున్నాడు. రేపు ఇద్దర్నీ గేటు బయటికి తోస్తే నువ్వు పెడతావా మాకు?"

"పెడతాను. బతికి ఉంటే పెట్టడానికి ఏదో ఒకటి దొరుకుతుంది."

కూతురు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నువ్వు వెళ్తే నా ఇంటికీ రాకు" అని, అమ్మమ్మ మీదికి చేతులు చాస్తున్న పిల్లాణ్ణి గుంజుకుని వెళ్ళిపోయింది. ఆమె లోపలికి వెళ్ళి, సోమవారానికి కట్టుకోవలసిన చీర తీసి మడత సరిచేసుకుంది.

సభ బడి హాల్లో పెట్టారు. వేదిక మీద ముగ్గురు అధికారులు. మధ్యలో జుట్టు నెరిసిన ఇంజనీరమ్మ. ముందు కంపెనీ మేనేజరు మాట్లాడాడు. నున్నగా, తడబాటు లేకుండా.

"ముప్పై ఏళ్ళుగా ప్రతి తనిఖీలోనూ ముల్లు సున్నా. సంతకాలు మీవే, చూసుకోండి. ఇంత ఆరోగ్యంగా ఉన్న బావులకి కొత్త గొట్టాలెందుకు? పాత బావులను ఈ నియమం నుంచి తప్పించమని మా మనవి."

తర్వాత ఊరివాళ్ళను పిలిచారు. ఎవరూ లేవలేదు. ఆమె లేచింది.

"నేను బట్టలుతికేదాన్నండీ" అంది.

హాల్లో నవ్వులు. మేనేజరు కూడా నవ్వాడు. "ఇక్కడ బావుల సంగతి మాట్లాడుతున్నామమ్మా, బట్టల సంగతి కాదు."

"నేనూ బావి సంగతే చెబుతున్నాను బాబూ. మీ చొక్కాకి వాసన పట్టదు. మీరు బావి దగ్గరికి వస్తేగా."

ఈసారి నవ్వులు అటు తిరిగాయి. ఇంజనీరమ్మ మాత్రం నవ్వలేదు. కలం తీసింది.

"నా కూతురు కడుపులో ఉన్నప్పుడు ఆ గ్యాసు చొక్కా ముట్టుకుంటే వాంతులయ్యేవి. అందుకే గుర్తు. అప్పుడు ఏడాదికి రెండుసార్లే. మీ ఇన్‌స్పెక్టర్లు వచ్చే రోజుల్లో. పిల్ల బడికి వెళ్ళే నాటికి నెలకోసారి. దాని పెళ్ళినాటికి పదిహేను రోజులకోసారి. ఇప్పుడు మూడు రోజులకోసారి ఆ వాసన ఉతుకుతున్నాను, తనిఖీ ఉన్నా లేకపోయినా. ఏడో నంబరు బయటి గొట్టం వాల్వు తిప్పి గ్యాసు వదిలేస్తారు. వదిలాక ముల్లు సున్నాకి వస్తుంది. మీరు చూసే సున్నా అదేనండీ."

మేనేజరు లేచాడు. "ఎవరు తిప్పుతారు? ఎవరి చొక్కా? పేరు లేని మాట రికార్డుకి ఎక్కకూడదు."

ఆమెను భయపెట్టడానికే అన్నాడు. వెనక గోడ దగ్గర కంపెనీ టోపీల మధ్య ఆమె భర్త నిలబడి ఉన్నాడని అతనికి తెలుసు. ఆమెకూ తెలుసు. తెలియదని కూర్చుంటే కాపురం మిగులుతుంది. వెనక్కి తిరిగి చూస్తే నోరు పెగలదేమోనని ఆమె తిరగలేదు.

"నా భర్తది" అంది. "ఆయన దొంగ కాదండీ. బావికి మంచి చేస్తున్నాననే అనుకున్నారు. అలా నేర్పింది మీ తనిఖీయే. చెప్పి వచ్చే చుట్టానికి ఇల్లు ఊడ్చి పెట్టుకోని ఇల్లాలుంటుందా? ముందురోజే వచ్చి వాల్వుకి మీ తాళం మీరు వేసుకోండి. ఒక పగలూ ఒక రాత్రీ అలా ఉంచి అప్పుడు చూడండి ముల్లు. మీ నియమంలో అది రాయండి. పాత బావులకే ముందు రాయండి."

ఇంజనీరమ్మ తలెత్తి హాలు వెనక్కి చూసింది. "ఫోర్‌మన్‌గారూ, ఇది నిజమేనా?"

"ఆయన జవాబు చెప్పక్కర్లేదు" అన్నాడు మేనేజరు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ తొందర.

ఫోర్‌మన్ టోపీ తీశాడు. అవుననలేదు. తలుపు తోసుకుని బయటికి వెళ్ళిపోయాడు. కానీ లేదని కూడా అనలేదు. ఆ ఒక్క మాట అని ఉంటే, చాకిరీ చేసుకునే ఆడదాని మాట గాలికి పోయేది. ఆయన అనలేదు. అది ఆమె ఒక్కతే గమనించింది.

ఆ మధ్యాహ్నమే ఏడో నంబరుకి ప్రభుత్వం తాళం పడింది. మర్నాడు తాళం తీసే వేళకు ముల్లు ఎర్రగీత దాటి ఉంది. చివరి వరస మొత్తాన్ని ఖాళీ చేయించారు. తొమ్మిది రోజులు, గ్యాసు పైకి తన్నకుండా చిక్కటి ఉప్పునీళ్ళు దింపి బావిని నిద్రపుచ్చారు. లోపలి గొట్టం పైకి తీస్తే, తుప్పుపట్టి కాగితంలా పలచనైన చోట బొటనవేలు పట్టే చిల్లుంది. రాబోయే చలికాలం ఒత్తిడికి ఆగేది కాదన్నారు.

ఇల్లు ఖాళీ చేసిన కూతురు తప్పనిసరై పుట్టింటికే వచ్చింది. మొహం తిప్పుకునే తిరిగింది. గొట్టం సంగతి విన్న రోజు మాత్రం పిల్లాణ్ణి తీసుకొచ్చి తల్లి ఒళ్ళో దింపింది. "వీణ్ణి చూస్తూ ఉండు. బట్టలు నేనుతుకుతాను" అంది. ఆమెకు అంతే చాలు.

భర్తను పనిలోంచి ఆపేశారు. విచారణ తేలేదాకా ఇంట్లో ఉండనిచ్చారు, అదే మేలు. సభ నుంచి వచ్చిన రోజు ఆమె గడప తొక్కింది, ఆయన వద్దనలేదు. పెట్టింది తిన్నాడు. పలకలేదు. అలా అయిదు నెలలు. ఇరుగుపొరుగు అమ్మలక్కలు "ఒక్కసారి కాళ్ళు పట్టుకో వదినా, మగవాడు కరిగిపోతాడు" అని సలహాలిచ్చారు. ఆమె పట్టుకోలేదు. పట్టుకోవలసిన తప్పు ఆమె చేయలేదు. ఆయన క్షమించనూ లేదు. కొన్ని ఇళ్ళలో అలాగే రోజులు గడుస్తాయి, పొయ్యి వెలుగుతుంది, దీపం ఆరుతుంది.

కొత్త నియమం వచ్చింది. పాత బావులకు మినహాయింపు లేదు. ముందురోజే ఇన్‌స్పెక్టరు తాళం పడాలన్న మాట అందులో ఉంది. ఒక్కో బావి చరిత్ర కంపెనీ అరవై రోజుల్లో రాసి ఇవ్వాలని కూడా ఉంది. ఒకరోజు పొద్దున ఇంజనీరమ్మ స్వయంగా ఇంటికి వచ్చింది.

"నేల కింద ఒక వాల్వు ఉంటుంది కదా, గొట్టం పగిలితే దానంతట అదే మూసుకునేది. కంపెనీ కాగితాల్లో అన్ని బావులకీ ఉన్నట్టే ఉంది. నిజంగా ఉందా అన్నది కాగితానికి తెలియదు, మీకు తెలుస్తుంది" అంది ఆయనతో.

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఇంజనీరమ్మ తన చిరునామా రాసిన చీటీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆమె గిన్నెలు సర్దుకుంటోంది. వెనక నుంచి గొంతు వినిపించింది. అయిదు నెలల తర్వాత ఆ గొంతు బొంగురుపోయి ఉంది.

"కాగితం పట్టుకురా. నా రాత ఎవడికీ అర్థం కాదు."

ఆమె చేతులు తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"మూడు. తొమ్మిది... బడి గోడ పక్కది. పదకొండు. పంతొమ్మిది. ఈ నాలుగింటికీ కింద వాల్వు లేదు. పాడైతే పైకి తీశాం. మళ్ళీ వెయ్యలేదు."

ఆమె రాసింది. "ఎప్పుడు తీశారు?"

ఏ బావిది ఏ సంవత్సరమో ఆయన తడుముకోకుండా చెప్పాడు.

"వెయ్యొద్దన్నదెవరు?"

"అప్పటి మేనేజరు. ఇప్పుడు లేడు, పోయాడు. అయినా రాయి."

"పైకి తీసిందెవరు?"

"నేను."

కలం ఆగింది. ఈ కాగితం వెళ్తే పోయిన ఉద్యోగం తిరిగి రాదు. కేసు కూడా కావచ్చు. ఆమె తలెత్తకుండానే అడిగింది.

"మీ పేరు రాయమంటారా?"

సభ తర్వాత మొదటిసారి ఆయన ఆమె మొహంలోకి సూటిగా చూశాడు.

"ఆ రోజు సభలో నన్నడిగే చెప్పావా? రాయి."

ఆమె రాసింది.