పదిహేడో మనిషి

1963 జూన్. కరీంనగర్ కచేరీ ఎదుట టైపు మిషను పెట్టుకుని కూర్చునే నాకు ఆనందమ్మ కొట్లాటతోనే పరిచయమైంది.

"బాడ్మింటన్ అని ఎవరు కొట్టమన్నరు? నేనెన్నడన్న బ్యాటు ముట్టుకున్ననా?"

"మెడికల్ కాలేజీ దరఖాస్తుల 'ఇతర అర్హతలు' కాడ అందరికీ గదే కొడుతున్న. ఇప్పటికి పద్నాలుగు మందికి కొట్టిన."

"పద్నాలుగు మందిల కలిసిపోతే నన్నెవరు చూస్తరు? మళ్ల కొట్టు!"

కొత్త కాగితం కోసం కుంటుతూ లేచాను. ఆమె కోపం ఠక్కున ఆగిపోయింది.

"కాలుకేమైంది? చూపియ్యి. అయ్యో, నారికురుపు! పురుగు బయటికొచ్చింది. గుంజకు!"

అగ్గిపుల్ల అడిగి, దారంలా తెల్లగా వేలాడుతున్న పురుగును దానికి రెండు చుట్లు చుట్టి, గుడ్డతో కట్టింది.

"రోజుకు గింతే. రేపస్త."

రేపు అన్న మాటకు నొప్పే మరిచిపోయాను. నారికురుపు లేచినందుకు దేవునికి స్తోత్రం చెప్పిన మనిషి జిల్లాలో నేనొక్కడినే అయ్యుంటాను.

మేనత్త ఇంట్లో ఉంటూ రోజూ వచ్చేది. రెండు చుట్లు, నాలుగు ఎగతాళి మాటలు. ఆరో రోజు నేనే అడిగాను.

"ఎల్లుండే ఆఖరు తేది. ఆ 'ఇతర అర్హతలు' గడి ఇంక ఖాళీగనే ఉన్నది. ఎంతమందికి పురుగు తీసినవో గదే కొట్టనా?"

ఆమె ముఖం వాడిపోయింది.

"మా అవ్వ నేర్పింది. పదహారు మందికి మంచిగ తీసిన. పదిహేడో మనిషి ముత్తయ్య పెద్దబాపు. నాట్లకు పోవాలె, జల్ది చెయ్యమంటే గట్టిగ గుంజిన. తెగింది. లోపల చీము పట్టింది. ఇప్పటికీ కుంటుతుండు. నాసొంటిది డాక్టరైతదా? దరఖాస్తే వద్దనిపిస్తున్నది, తోమాసూ."

"పెద్దబాపు ఏమంటడు?"

"'తెగితే ఏం చెయ్యాల్నో చదివి రా బిడ్డా' అంటడు."

"అయితే గదే కొడుత. పదిహేడు మందికి తీసిన, ఒకటి తెగింది, అందుకే చదవాలనుకుంటున్న అని."

ఆమె కొత్త కాగితం తీసి మిషను ముందు పెట్టింది.

"కొట్టు," అంది. నా వేళ్ళు ఎన్నడూ అంత వేగంగా ఆడలేదు.

నెల తర్వాత, పురుగు పూర్తిగా బయటికొచ్చి నా కాలు మానాక, జోరు వానలో, బస్సు దిగి నేరుగా నా రేకుల పందిరి దగ్గరికే పరుగెత్తుకొచ్చింది.

"సీటొచ్చింది! ఇంటర్వ్యూల అందరినీ రెండు నిమిషాలు అడిగి పంపిండ్రు. నన్ను అర్ధగంట! అంతా పెద్దబాపు కాలు ముచ్చటనే!"

ఎగిరి గంతేశాను. మరుక్షణమే కాలేజీ ఉన్న హైదరాబాదు ఎంత దూరమో గుర్తొచ్చింది. ఇంక ఆగలేకపోయాను.

"నువ్వంటే నాకు పానం, ఆనందమ్మా. చదువంతా అయినంకనే పెండ్లి. ఎన్నేండ్లయినా ఆగుత."

ఆమె వెనక గొడుగు పట్టుకుని వాళ్ళ నాన్న ఏలియా నిలబడి ఉన్నాడని అప్పుడు చూశాను.

"నీ మనసులేమున్నది బిడ్డా?" అన్నాడాయన.

"నాకూ ఇష్టమే బాపూ. కానీ చదువే ముందు."

"విన్నవా పిలగా? బిడ్డ ఒక్క పరీక్ష తప్పినా నిన్నే అడుగుత," అంటూ ఏలియా గొడుగు మా ఇద్దరి చేతుల్లో పెట్టి, తాను తడుస్తూ బస్‌స్టాండు వైపు నడిచాడు.