చంద్రవ్వ సంతకం కావాలట

పొద్దున చాయ్ తాగగానే నర్సవ్వ సంచి సర్దడానికి కూర్చుంది. భర్త ముత్యానికి రెండు జతల బట్టలు, తువ్వాల, బీపీ గోలీలు, రైల్లో తినడానికి సర్వపిండి. కాగితాల ఫైలు అడుగున పెట్టి, మళ్ళీ తీసి పైన పెట్టింది. పోయినసారి కరీంనగర్‌లో ఆ ఫైలు కోసం ఆఫీసు కౌంటరు ముందే సంచంతా గుమ్మరించాల్సి వచ్చింది. ఇంట్లోంచి ఎవరైనా సంచి పట్టుకొని బయలుదేరుతున్నారంటే చాలు, ఆమె సర్దిందే మళ్ళీ మళ్ళీ సర్దుతుంది.

ముత్యం మాత్రం స్నానం కూడా చేయకుండా బనీను మీదే అరుగు మీద కూర్చున్నాడు. సిరిసిల్లలో మగ్గం వదిలి పటాలంలో చేరిన మనిషి. రిటైరయ్యాక కోరుట్లలో ఇల్లు కట్టుకున్నాడు. పేరు సరిచేయించడానికి ఇప్పుడు వెళ్ళాల్సిన పటాలం రికార్డు ఆఫీసు చాలా దూరం. రైలు మధ్యాహ్నానికే.

చిక్కంతా ఆ రికార్డులోనే ఉంది. అందులో ఆయన భార్య పేరు చంద్రవ్వ. ఆమె కాన్పులో పోయి నలభై ఏళ్ళు దాటింది. తర్వాత కట్టుకున్న నర్సవ్వ పేరు ఏ కాగితంలోనూ లేదు. చంద్రవ్వ పోయిన ఐదేళ్ళకు పుట్టిన కూతురు హేమలతకు సైతం తల్లి చంద్రవ్వే అని రాసి ఉంది.

అదెలా జరిగిందో కూడా ఇంట్లో అందరికీ తెలుసు. రెండో పెళ్ళినాడు, పోయిన భార్య పేరున చిన్న వెండి బిళ్ళ చేయించి కొత్త కోడలి మెడలో కట్టడం వాళ్ళ ఆచారం. బిళ్ళ కడుతూ పెద్దవాళ్ళు, చంద్రవ్వే మళ్ళీ ఇంట్లోకి వచ్చిందనుకొమ్మన్నారు. సెలవు అయిపోయి ముత్యం తిరిగి వెళ్ళాక, ఇంటి వివరాల్లో ఏమైనా మార్పుందా అని గుమాస్తా అడిగాడు. ఏమీ లేదన్నాడు ముత్యం. బిడ్డ పుట్టినప్పుడు ఆ గుమాస్తా పాత పేరే చూసి దింపేశాడు. రిటైరయ్యేనాడు ముత్యం చదవకుండా దాని కింద సంతకం పెట్టాడు.

మొన్న నర్సవ్వ మోకాళ్ళ ఆపరేషన్‌కు వెళితే, మాజీ సైనికుల వైద్య కార్డు మీద ఫోటో మీది, పేరు ఇంకొకరిది అని ఆసుపత్రివాళ్ళు తిప్పి పంపారు. చంద్రవ్వ మీరేనా అని అడిగినప్పుడు నర్సవ్వ కాదన్నది. ఔనని ఉంటే ఈపాటికి నడుస్తుండేదానివి కదా అని హేమలత ఇప్పటికీ విసుక్కుంటుంది.

అప్పటి నుంచి దరఖాస్తులే. ఒకసారి ఫోటో చిన్నగా ఉందన్నారు. ఒకసారి ఇంకు నీలం కాదు, నలుపు ఉండాలన్నారు. చివరిసారి, పేరు తీసేయడానికి అభ్యంతరం లేదని చంద్రవ్వ చేత సంతకం చేయించి పంపమన్నారు. ఆ ఉత్తరం చదివి హేమలత నవ్వి, నవ్వి, ఆ తర్వాత ఏడ్చింది.

ఆటో ఆగింది. జగిత్యాల నుంచి హేమలత దిగింది. బడికి సెలవు పెట్టి వచ్చింది. తండ్రిని ఆ అవతారంలో చూడగానే ఆమె ముఖం మాడిపోయింది.

కాళ్ళు గుంజుతున్నాయి, వచ్చే వారం చూద్దాం అన్నాడు ముత్యం. హేమలత ఫైలు తెరిచింది. చంద్రవ్వ పుట్టినూరు మల్లాపూర్ పెద్దల సాక్ష్యం ఉంది. కొత్త ఫోటో ఉంది. మొదటి భార్య చావు గురించి, రెండో పెళ్ళి గురించి భర్త తన చేతితో రాయాల్సిన వాంగ్మూలం మాత్రం తెల్లగా ఉంది.

"బాపూ, గిదేంది? నెల కింద ఇచ్చిన కాయితం. రెండు ముక్కలు రాయనీకి గింత కష్టమా?"

"రాస్త తీయ్."

"ఎప్పుడు? నువ్వు పోయినంకనా? రేపు నీకేమన్న అయితే నన్ను కన్న మా అవ్వ ఎవరో సర్కారుకు తెల్వది. ఆమె నీకేమైతదో ఎవలు చెప్పాలె? నేను చెప్తే నమ్మరు. నేను గూడ ఆమె బిడ్డను కాననే రాయించినవ్ గద."

ముత్యం నేల చూపులు చూశాడు. నర్సవ్వ గుంజ పట్టుకొని లేచింది. బిడ్డను ఊరుకొమ్మంటుందేమో అనుకున్నారు ఇద్దరూ.

"ఇగో చూడయ్య," అంది భర్తతో. "గీ బిళ్ళ నాకు ఎన్నడు బరువు గాలె. పెద్దలకు పెట్టే పెత్రమాసకు ఆమెకు ఇష్టమని గారెలు చేసి పెట్టిన. అక్కా అని మొక్కిన. దవాఖానల నీ భార్య ఎవలని అడిగితే నువ్వు గిట్లనే నేలకు చూసినవ్. గది బరువైంది."

బయట ఆటో అబ్బాయి హారన్ కొట్టి, ఎవరూ రాకపోయేసరికి మానేశాడు.

"నేను చూడలే," అన్నాడు ముత్యం చివరికి. "ఆమె పోయిందని కొట్టిన తార్ నాకు అందేసరికి అంతా అయిపోయింది. సెలవు దొరికి వచ్చినప్పుడు ఊరవతల బొందపెట్టిన జాగ చూపెట్టిండ్రు. పల్టన్ల శవం చూడకుంట ఎవ్వర్ని చచ్చిండని రాయం. గాయబ్ అని రాస్తం. నా చేతులతోని ఎట్ల రాయాలె బిడ్డా?"

ఇన్నేళ్ళూ తండ్రి మొండితనం అనుకున్నది, కళ్ళతో చూడని చావును రాయలేకపోవడమేనని హేమలతకు అప్పుడు అర్థమైంది. కోపం ఇంకా పోలేదు. కానీ వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

నర్సవ్వ పెన్ను తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"చూడలేదనే రాయి," అంది. "చూసింది చూసినట్టు, చూడంది చూడనట్టు."

ముత్యం కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. మొదటి వాక్యం రాయడానికి కొంత సమయం పట్టింది. రాసింది భార్య ముందుకు జరిపాడు. వారపత్రికలు కూడబలుక్కుని తనంతట తాను చదువు నేర్చుకున్న నర్సవ్వ, వేలు కింద పెట్టి చదివింది. నర్సవ్వ నా భార్య. హేమలత తల్లి నర్సవ్వ. అక్కడ వేలు ఆగిపోయింది. కొంగుతో కళ్ళు తుడుచుకొని, రైలుకు టైమవుతోంది, మిగతాది కూడా రాయమంది.

ముత్యం మిగతాది రాశాడు. చంద్రవ్వ కాన్పుకని మల్లాపూర్‌లో పుట్టింటికి పోయింది. 1979 ఆగస్టులో అక్కడే చనిపోయిందని తార్ వచ్చింది, నేను చూడలేదు. ఆమె తిరిగి రాలేదు.