వేగం తప్పిన రికార్డు

"నిన్న సాయంత్రం వార్తలకు ముందు ఆ సంగీతం వేసిందెవరండీ?"

రేడియో స్టేషన్ గుమ్మంలో నిలబడి అడిగాడతను. వానకు తడిసి ముద్దయ్యాడు. చంకలో రికార్డు మాత్రం తడవలేదు.

అనౌన్సర్ అమ్మాయికి గుండె జారింది. ఫిర్యాదు వచ్చేసింది.

నిన్న వార్తలకు ముందు కాస్త ఖాళీ మిగిలింది. ఎవరూ తెరవని అల్మారాలోంచి ఒక ఆర్కెస్ట్రా రికార్డు తీసి వేసింది. నెమ్మదిగా తిరగాల్సినదాన్ని వేగంగా తిప్పింది. వయొలిన్లు పరుగు పెట్టాయి. తప్పు జరిగిందని చివర్లో గానీ తెలియలేదు. ఆమె ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. మేనేజర్ సొంత మేనమామ. తప్పు దాస్తే ముందు నిన్నే గెంటేస్తానని చేరినరోజే చెప్పాడు. అన్నంత పనీ చేసే మనిషి.

"నేనే. ఏం కావాలి?" కళ్లు చికిలించి అడిగింది.

"కళ్లజోళ్ల షాపు నాది. అద్దాలు అరగదీస్తూ రేడియో వింటాను. నిన్న చెయ్యి ఆగిపోయింది."

"వెటకారమా?"

"అయ్యో, ఒట్టు! మీరు పేరు చెప్పారుగా, ఊరంతా గాలించి కొన్నాను. రికార్డుల షాపువాడు మోసం చేశాడండీ. ఇది నిద్రపోతోంది. మీది పరుగెత్తింది!"

"మెల్లగా మాట్లాడండి, మీకు దణ్ణం పెడతా."

"ఏంటి పరుగెత్తింది?" వెనకనుంచి మేనమామ గొంతు.

ఆమె మొహంలో నెత్తురు లేదు. అది చూశాక అతనికి అర్థమైంది, తను కొంప ముంచుతున్నానని.

"ఏం లేదు సార్. మా ఇంట్లో రికార్డు ప్లేయర్ బెల్టు వదులైంది. అందుకే నెమ్మదిగా తిరుగుతోంది."

మేనమామ మేనకోడలినే చూస్తున్నాడు. ఆ చూపుకన్నా నాలుగు తిట్లు నయం.

ఊరుకుంటే గండం గడిచిపోయేదే.

"మామయ్యా..." ఆఫీసులో ఆ పిలుపు కూడదు. నాలిక్కరుచుకుంది. "సార్. బెల్టు కాదు. నేనే వేగం తప్పు పెట్టాను."

"నిన్ననే విన్నాను. ఎప్పుడు నోరు విప్పుతావా అని చూస్తున్నా."

"మరి ఉద్యోగం?"

"ఇంకాసేపు ఆగుంటే పోయేది." అతని చంకలోని రికార్డు లాక్కుని ఆమె ముందు పెట్టాడు. "వేగం ఎంతని రాసుందో చదువు."

పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. కింద రాసింది ముక్కుదాకా తెచ్చుకున్నా కనబడలేదు.

"కళ్లజోడు పెట్టుకోవే అంటే అందం తగ్గిపోతుందంటుంది," అన్నాడు మేనమామ.

"తగ్గదండీ," అనేశాడతను. వెంటనే నేలచూపులు చూశాడు.

"మిమ్మల్నెవరడిగారు?" అంది ఆమె. చెవులు ఎర్రబడ్డాయి.

"రేపు నీ షాపుకి పంపిస్తాను," అన్నాడు మేనమామ. "కళ్లు చూడు. కళ్లు మాత్రమే."

ఆ సాయంత్రం అతని షాపు రేడియోలో అదే సంగీతం సరైన వేగంతో వచ్చింది. వయొలిన్ల వెనక ఒక ఫ్లూట్, రానా వద్దా అన్నట్టు ఆగి ఆగి పలికింది. నిన్నటి పరుగులో అది వినబడలేదు. ఇంట్లో తన రికార్డు వేసుకున్నప్పుడు, మోసపోయానన్న కోపంలో పట్టించుకోలేదు.

రేపు ఆ అమ్మాయి వస్తుందో రాదో.

తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు.