బోయిగూడ గోదాములో తెల్లబిళ్లలు

మారేడ్‌పల్లిలో టైలర్ షాపు పైనున్న గదిలో, మాదకద్రవ్యాల నిఘా విభాగం చీఫ్ మార్త టేబుల్ మీద ఒక తెల్లబిళ్ల పెట్టింది.

"చూడ్డానికి నిద్రమాత్ర. లోపల నిటజీన్. హెరాయిన్ కంటే ఎన్నో రెట్లు పవర్‌ఫుల్. ఒక్కటి చాలు, ఊపిరి ఆగిపోవచ్చు."

"తెలుసు మేడం," అంది ఏజెంట్ నిఖత్.

తెలియకేం. ఆమె తమ్ముడు అస్లం పరీక్షల టెన్షన్‌కి మొదటి బిళ్ల వేసుకున్నాడు. నెల తిరిగేసరికి ఒకటి సరిపోలేదు. మానితే వణుకు, చెమటలు, నిద్రలేమి. మానేస్తానని రెండుసార్లు ఒట్టేశాడు. నిరుడు ఒక నకిలీ బిళ్ల అతణ్ని తీసుకుపోయింది.

"ఇరవై వేల బిళ్లలు ఇవాళ నాలుగింటికి ఒక వ్యాన్‌లో సిటీ దాటుతున్నాయి. విదేశీ ముఠా. ఏ వ్యానో సింధూరకే తెలుసు. బోయిగూడలో పట్టుచీరల గోదాము ఆమెదే. మనకూ సమాచారం అమ్ముతుంది, వాళ్లకూ అమ్ముతుంది." మార్త బిళ్లని పక్కకి జరిపింది. "అస్లంకి మొదటి బిళ్ల ఇచ్చింది ఆమేనని నీకూ తెలుసు. ముఠాకి ముఖం తెలియని ఏజెంట్ నువ్వొక్కదానివే. లేకపోతే నిన్ను పంపేదాన్ని కాదు."

నిఖత్ లేచి పర్సు అందుకుంది.

మూడున్నరకి ముంబై బొటిక్ ఓనర్ వేషంలో, బ్రూచ్‌లో మైక్‌తో గోదాములోకి అడుగుపెట్టింది.

"వెండి జరీ దొరుకుతదా?" కోడ్‌వర్డ్ పలికింది.

జవాబు రాలేదు. చీరల కట్టల మధ్య, పచ్చల కమ్మలతో, సింధూర వెల్లకిలా పడి ఉంది. పక్కన సగం ఖాళీ అయిన బిళ్లల షీటు. పెదాలు నీలం, కనుపాపలు సూదిమొనంత. గురకలాంటి శ్వాస, అదీ ఆగి ఆగి. బిళ్లలు అమ్మిన మనిషే వాటికి అలవాటు పడిపోయింది.

నిఖత్ పర్సులో ఈ మత్తుకి విరుగుడు, నలోక్సోన్ ఇంజెక్షన్ ఉంది. తీయలేదు. ఏడాదిగా ఈ ముఖం ఇలా నీలం కావాలనే కోరుకుంది. ఊరికే నిలబడితే చాలు, తప్పుపట్టేవాళ్లుండరు.

గడియారం చూసింది. మూడూ ముప్పై ఆరు. ఏ వ్యానో చెప్పగలిగేది ఈమె ఒక్కతే. పళ్లు కొరుక్కుంటూ సూదిని పట్టుచీర మీంచే తొడలోకి దించి, తల వెనక్కి వంచి నోట్లోకి ఊపిరి ఊదింది.

కొన్ని నిమిషాలకి సింధూర దగ్గుతూ కళ్లు తెరిచింది. "ఎవరు నువ్వు?"

"అస్లం అక్కని. ఏ వ్యాన్?"

"చెప్తే వాళ్లు నన్ను చంపుతరు."

"ఈ మందు జెరసేపే పనిచేస్తది. బిళ్ల ఇంకా నీ ఒంట్ల ఉంది. మళ్లా ఊపిరి ఆగుతది. అంబులెన్స్ పిలవాలంటే నేనే పిలవాలె."

సింధూర పక్కనున్న బిళ్లల షీటు వైపు చూసింది. "నేను సుత మానేద్దామని చూసిన. నాలుగు రోజులు ఉండలేకపోయిన."

"మావోడు సుత చూసిండు."

సింధూర నిఖత్ చెయ్యి పట్టుకుంది. "బన్సీలాల్‌పేట్ మూలమీద పూల వ్యాన్. బంతిపూల బుట్టల కింద."

నిఖత్ మైక్‌లో ఆ ముక్క చెప్పి, అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. మూడూ యాభై తొమ్మిదికి, కదలబోతున్న వ్యాన్ తాళాలు మార్త మనుషులు లాగేశారు. డ్రైవర్ పక్కనున్న విదేశీ ముఠా నాయకుడు తలుపు తీసేలోపే బేడీలు పడ్డాయి.

"నన్నెందుకు బతికించినవ్?" స్ట్రెచర్ మీంచి అడిగింది సింధూర.

"చస్తే నీకు అయిపోతది. కోర్టుల నిలబడి మా తమ్ముని పేరు చెప్పాలె. మానడానికి డాక్టర్లు సాయం చేస్తరు. వానికి ఆ సాయం దొరకలే."

సాయంత్రం రిపోర్టు తిరగేస్తూ మార్త అడిగింది: "నిందితురాలితో బంధుత్వం గానీ స్నేహం గానీ ఉందా అన్న గడి ఖాళీగా వదిలావేం?"

"కేసు తేలేదాకా వారం వారం ఆస్పత్రికి పోయి చూసొస్త మేడం," అంది నిఖత్. "దాన్నేమంటరో మీరే రాసుకోండి."