యుద్ధనౌకకు సిరిసిల్ల తెర

"పేరేమో సాగర్. ఈతొస్తదా?"

"రాదు మేడమ్."

"మంచిదే. మునిగే పనికే పంపుతున్న."

జగిత్యాల ఖిల్లా బురుజు మీద నిలబడి ఏజెన్సీ చీఫ్ అనురాధ ఈ మాట అన్నప్పుడు సాగర్ నవ్వలేదు. ఆమె జోకుకు నవ్వితే అలవెన్స్ కట్, నవ్వకపోతే ఇంక్రిమెంట్ కట్. మధ్యేమార్గంగా దగ్గాడు.

సాగర్ స్పెషల్ ఏజెంట్. సొంతూరు సిరిసిల్లలో మాత్రం ఇన్సూరెన్స్ ఏజెంట్. ఈ అబద్ధం వల్ల ఒక గొప్ప లాభం ఉంది. అతను ఎదురుపడగానే జనం వాళ్లంతట వాళ్లే సందులు మారతారు. గూఢచారికి ఇంతకంటే స్టెల్త్ ఏం కావాలి?

"స్టెల్త్ అంటే గుర్తొచ్చింది," అంది అనురాధ, అతని మనసు కూడా ట్యాప్ చేసినట్టు. "గీ గోడల వంకర చూడు. ఫిరంగి గుండు ఎటు నుంచొచ్చినా నేరుగ తగలద్దని నక్షత్రం లెక్క మలిపిన్రు. విశాఖల కడుతున్న మన కొత్త ఫ్రిగేటుకు సూత్రం గిదే. గుండుకు బదులు రాడార్ తరంగం. గంతే తేడా."

ఆమె ట్యాబ్ తెరిచింది. నిటారు గోడ ఒక్కటీ లేని యుద్ధనౌక అది. ఒంటినిండా ఏటవాలే. యాంటెన్నాలన్నీ కోసుగా ఉన్న ఒకే గోపురంలో దాచేశారు. ఇంజిన్ పొగను చల్లగాలితో కలిపి చల్లార్చి వదులుతారు. ఫిరంగికి కూడా మూలలు లేని ముసుగు తొడిగారు.

"రాడా, రాడా అని ఎదురుచూసేదే రాడార్," అన్నాడు సాగర్. "మనం వచ్చినా అది రాలేదనుకోవాలి."

"ఇంక్రిమెంట్ కట్. ఇగ విను. షిప్పుకు రెండు పక్కల పెద్ద కిటికీలున్నయి. లోపల చిన్న బోట్లు పెడ్తరు. తరంగం గా కిటికీల దూరి, మూలమూలకు తగిలి, మళ్ల ఎనుకకు పోయి శత్రువుకు మన ముచ్చటంత చెప్తది. అందుకే కిటికీలకు స్టీలు పోగు కలిపి నేసిన తెర కావాలె. అది తయారైంది. టెస్టు కూడ అయింది. రేపు సిరిసిల్లల ట్రక్కెక్కుతది. విశాఖల దిగంగనే బిగిస్తరు."

"ఎవరు నేశారు?"

"రాజవ్వ."

ఈసారి సాగర్‌కు నిజంగానే దగ్గొచ్చింది. రాజవ్వ అతని తల్లి.

"గా షిప్పు సిబ్బందిల మీ చెల్లె సుజాత కూడ ఉన్నది," అంది అనురాధ. ఈసారి ఆమె గొంతులో జోకు లేదు. "కోరుట్లల లార్స్ అని ఒకడున్నడు. ఏ దేశపోడో తెల్వదు, వాని పాస్‌పోర్టులే ఒకదానితోని ఒకటి కొట్లాడుకుంటయి. పైకి గల్ఫ్ వీసాల ఆఫీసు. లోపల గూఢచారుల ముఠా. అచ్చం మన తెర అసొంటిదే ఇంకో రోలు తయారుచేసిండు. కంటికి గుడ్డ, రాడార్‌కు అద్దం. రేపు అసలుది గుంజుకొని నకిలీది పంపాలని వాని ప్లాను. గది బిగించినమంటే మన షిప్పు నడి సముద్రంల పెట్రోమాక్స్ పట్టుకొని నిలవడ్డట్టే. పానాలు పోయేది సుజాత వాళ్లయి. ద్రోహి అని పేరు పడేది మీ అవ్వకు."

సాగర్ బురుజు దిగాడు. ఈత రానివాడు మునగకుండా ఉండాలంటే ఒకటే దారి. మునిగేది అవతలివాడై ఉండాలి.

*

కోరుట్లలో వీసా ఆఫీసు. సాగర్ బుర్రమీసం అంటించుకుని, చేతిలో పాస్‌పోర్టు సైజు ఫొటోలు పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. ముందు పెర్ఫ్యూమ్ వచ్చింది. తర్వాత నల్ల కళ్లద్దాలు వచ్చాయి. ఆ వెనుక, తీరిగ్గా, రచన వచ్చింది. లార్స్ ముఠాలోకి ఏజెన్సీ పంపిన మనిషి ఆమె. ఆమె నడుస్తుంటే క్యూలో ఉన్నవాళ్లు ఏ దేశం వెళ్లాలనుకున్నారో మరిచిపోయారు.

"ఖతర్ వీసా ఉందా మేడమ్?" కోడ్ వదిలాడు సాగర్.

"ఖతర్ అయిపోయింది. ఖతర్నాక్ ఉంది." కోడ్ కలిసింది. ఆమె ఫారం నింపుతున్నట్టు వంగి అంది. "మార్పిడి రేపు తంగళ్ళపల్లి దగ్గర. ట్రక్కు టీ కోసం ఆగినప్పుడు. ఫోర్సంతా అక్కడే పెట్టమని చీఫ్‌తో చెప్పు."

"నువ్వు?"

"షిప్‌యార్డు నుంచొచ్చిన క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా మీ నేత షెడ్డుకొస్తా. రోలుకు లోపల నేను కాపలా."

సాగర్ మీసం లోపలే నవ్వుకున్నాడు. ప్లాను అచ్చుతప్పు లేని రచనలా ఉంది. అది ఎవరి కోసం రాసిన రచనో అడగాలని అతనికి తోచలేదు.

*

మర్నాడు సిరిసిల్లలో సాగర్ వేసిన వేషం, సెలవు మీద సొంత ఇంటికొచ్చిన కొడుకు. ఏజెన్సీలో ఇంతకంటే కష్టమైన వేషం లేదు.

"ఏంరా, గిట్ల బక్కగైనవ్?" అని వీధి వీధంతా ఉలిక్కిపడేలా అడిగింది రాజవ్వ. "పాలసీలు ఎవలు గడ్తలేరా?"

"మెల్లగ అనవే అవ్వా."

"మెల్లగనే అన్న గద!"

ఆమె తప్పు కాదు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. సాంచాల మోతలో బతుకు గడిపినవాళ్లకు గుసగుస చేతకాదు. రాజవ్వ చెవిలో చెప్పిన రహస్యం కరీంనగర్ బస్సు కంటే ముందు ఊరు దాటుతుంది. షెడ్డులో మాత్రం ఎవరూ అరవరు. ఆ మోతలో అరిచినా దండగే. అక్కడ మాటలన్నీ పెదవులతో, వేళ్లతో నడుస్తాయి. ఈ చివరి సాంచా దగ్గరి నర్సయ్య ఒక్క కనుబొమ్మ ఎగరేస్తే ఆ చివరి మల్లవ్వ టీ తెస్తుంది. ఇది ఏ ట్రైనింగ్ అకాడమీలోనూ చెప్పరు. అందుకే సాగర్ సర్వీసు ఫైల్లో లేదు.

షెడ్డు ముందు గేటు దగ్గర నేవీ ట్రక్కు ఆగి ఉంది. ఖాకీ గుడ్డ చుట్టిన అసలు రోలు లోపల గోడవారగా ఉంది. రచన మెడలో బ్యాడ్జీ వేసుకుని వచ్చి, సాగర్‌కు కన్నుకొట్టి, రోలు చుట్టూ గంభీరంగా తిరిగింది. సాగర్ చెవిలో కందిపప్పంత ఇయర్‌పీస్ ఉంది. లక్షల ఖరీదు. షెడ్డులో అడుగుపెట్టగానే అందులో కూడా సాంచాలే వినిపించాయి.

"తంగళ్ళపల్లిల అందరం రెడీ" అని చీఫ్ చెప్పిన మాట అతనికి "టకటక టకటక" అని అందింది.

రచన షెడ్డు ఆ చివరకు వెళ్లి ఫోన్ తీసింది. కళ్లద్దాలు నెత్తి మీదికి తోసి, చుట్టూ చూసి, ధీమాగా మాట్లాడింది. ఈ మోతలో తన మాట తనకే వినపడదని ఆమె ధైర్యం. నిజమే, వినపడలేదు. కనపడింది.

సాగర్ ఆమె పెదవులు చదివాడు. "వ్యాన్ వెనక గేటుకు తే లార్స్. పోలీసులంతా తంగళ్ళపల్లిలో టీ తాగుతున్నారు. నకిలీ రోలు ట్రక్కులోకి. అసలుది మనకు. ఇక్కడున్నది మా అమాయకుడొక్కడే."

అమాయకుడు అంటే ఎవరో అర్థం కావడానికి అతనికి ట్రైనింగ్ అక్కర్లేకపోయింది.

అతను తల్లి వైపు తిరిగి వేళ్లు ఆడించాడు. 'ఆ పిల్ల దొంగ. మన రోలు ఎత్తుకపోయి దొంగ రోలు పంపుతది. కదలనివ్వకు.'

రాజవ్వ పెదవులు అడిగాయి. 'ఎవలు? గా అద్దాల పిల్లనా? పిల్ల మంచిగున్నది, నీకు అడుగుదామనుకున్న!'

'అవ్వా! దొంగ!'

కోపం వస్తే రాజవ్వ పెదవులతో ఆగలేదు. ఎటూ వినపడదనే భరోసాతో, గుండెల నిండా గాలి పీల్చి అరిచింది.

సరిగ్గా అప్పుడే వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు కొట్టేసింది. సాంచాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో రాజవ్వ గొంతు ఒక్కటే నిలిచింది.

"...గా నల్లద్దాల పిల్ల దొంగదంట! రోలు ముట్టనియ్యకుండ్రి!"

కరెంటు పోగానే ఎవరి సాంచా హ్యాండిల్ వాళ్లు తీసేయడం షెడ్డు రివాజు. లేకపోతే కరెంటు వచ్చినప్పుడు సాంచా దానంతటదే మొదలై పోగులన్నీ తెంపుతుంది. నర్సయ్య చెయ్యి అలవాటుగా హ్యాండిల్ మీదికి పోయింది.

"కదలొద్దు!" రచన చేతిలో పిస్టల్ ఉంది. "ఏదీ ముట్టుకోవద్దు. అందరూ చేతులు పైకెత్తండి!"

వెనక తలుపు తోసుకుని లార్స్ వచ్చాడు. పచ్చటి టై కట్టాడు, తెలుగు పుస్తకంలో నేర్చుకున్నాడు. "మహాజనులారా, దయచేసి శాంతముగా ఉండవలెను. లేనిచో కాల్చబడుదురు."

"అరే, వీడు దేవుని కథలు చెప్పెటోని లెక్క మాట్లాడుతుండేందే?" అంది మల్లవ్వ.

"రచనా," అన్నాడు సాగర్ చేతులు ఎత్తి. "నువ్వు మన మనిషివనుకున్నాను."

"డబుల్ ఏజెంట్‌ను. రెండు జీతాలు. నీకు ఒక్కటి కూడా టైముకు రాదు కదా?"

అది గుచ్చుకుంది, నిజం కాబట్టి.

రాజవ్వ మాత్రం చేతులు ఎత్తి కూడా తల ఎత్తే ఉంది. "నా బిడ్డ గా షిప్పుల ఉన్నదే. దాని పెండ్లికి ఇంకా చీర నెయ్యలే. షిప్పుకు తెర నేసిన. నువ్వు కాల్చు, కాల్చకపో. నా గుడ్డ పేరు మీద నీ మురికి గుడ్డ పోదు."

"పోతుంది," అంది రచన. "ఇప్పుడే."

ఆమెకు తెలియనిది ఒకటుంది. షెడ్డు మొత్తాన్ని చేతులు పైకెత్తమంది. అంటే అందరి చేతులూ అందరికీ కనపడేలా పెట్టించింది. పైన గాలిలో, పిస్టల్ సాక్షిగా, సిరిసిల్ల మాట్లాడుకోవడం మొదలుపెట్టింది.

'హ్యాండిళ్లు వేసే ఉన్నయ్,' అన్నాయి సాగర్ వేళ్లు. 'లైన్‌మన్ ఫ్యూజు ఎయ్యంగనే కరెంటొస్తది.'

'ఎరుకే,' అన్నాయి నర్సయ్య వేళ్లు.

'దొంగ రోలు కొస ముందుగేటుకు కట్టు,' అన్నాయి రాజవ్వ వేళ్లు.

మల్లవ్వ వేళ్లు లార్స్ టై గురించి ఏదో అన్నాయి. అది రాయదగింది కాదు.

"వాళ్ల చేతులు వణుకుచున్నవి," అన్నాడు లార్స్ సంతోషంగా.

"భయం," అంది రచన.

లార్స్ నర్సయ్యను, ఇంకొకతన్ని పిలిచాడు. వ్యాన్‌లోని నకిలీ రోలు భుజాలకెత్తించి, కోటు జేబులో చెయ్యి పెట్టుకుని ముందు గేటు దాకా వెంట నడిచాడు. రోలు ట్రక్కులో దొర్లింది. నర్సయ్య చెమట తుడుచుకుంటూ, రోలు కొస చాటుగా పట్టుకుని, గేటు స్తంభం దగ్గర వంగాడు. ముసలాయనకు నడుం నొప్పి అనుకున్నాడు లార్స్. ముడి వేయడానికి నేతగాడికి ఎంతసేపు? కన్ను మూసి తెరిచేలోపు నర్సయ్య లేచాడు. ఏమీ తెలియని డ్రైవర్ రాజు దండం పెట్టి ఇంజిన్ స్టార్ట్ చేశాడు.

లార్స్ షెడ్డులోకి తిరిగొచ్చి అసలు రోలు మీద చెయ్యి వేశాడు.

కరెంటు వచ్చింది.

సాంచాలన్నీ ఒక్కసారి విరుచుకుపడ్డాయి. అలవాటు లేనివాళ్లకు అది పిడుగు. రచన ఎగిరిపడింది, కళ్లద్దాలు కింద పడ్డాయి. లార్స్ నోరు పెద్దగా తెరిచి అరిచాడు. "కాల్చుము! ఏజెంటును కాల్చుము!"

షెడ్డులో ఆ ఆజ్ఞ అందరికీ అర్థమైంది. మల్లవ్వకు కూడా. అర్థం కానిది ఒక్క రచనకే. ఆమె లార్స్ వైపు తిరిగి, "ఏంటీ?" అంది.

ఆ ఒక్క "ఏంటీ" సాగర్‌కు చాలు. పిస్టల్ అతని చేతికొచ్చింది. రచన చేతులకు మల్లవ్వ బుట్టెడు వేస్టు పోగు చుట్టింది. అది విప్పాలంటే డబుల్ కాదు, ట్రిపుల్ ఏజెంట్ కావాలి.

లార్స్ రోలు వదిలేసి వెనక తలుపు వైపు పరుగెత్తాడు. అక్కడ నేత కార్మికులు గోడ కట్టి నిలబడ్డారు. ముందు గేటుకు మళ్లాడు. అప్పటికే ట్రక్కు కదిలింది. గేటుకు కట్టిన కొస బిగిసింది. ట్రక్కులో నకిలీ రోలు గిరగిరా తిరుగుతూ విడిపోయింది. ఎన్నాళ్లుగానో గుట్టుగా చుట్టిపెట్టిన కుట్ర సిరిసిల్ల నడివీధిలో గజాల లెక్కన పరుచుకుంది. ఆ గుడ్డ మోకాళ్లకు తగిలి లార్స్ బోర్లా పడ్డాడు. లేవబోయి చుట్టుకున్నాడు. అద్దంలో వెనక్కి చూసిన రాజు బ్రేకు తొక్కాడు. అప్పటికి కనపడుతున్నది పచ్చటి టై ఒక్కటే.

"ఎవలన్నా చెప్పుండ్రయ్యా," అన్నాడు రాజు దిగివచ్చి. "నేను షిప్పుకు గుడ్డ దీస్కపోతున్ననా, గీ మనిషికి చీర గడ్తున్ననా?"

తంగళ్ళపల్లిలో టీ మీద టీ తాగి నిద్ర ఎగిరిపోయిన పోలీసులు వచ్చేసరికి అసలు రోలు ట్రక్కెక్కింది. తాడు బిగించింది రాజవ్వే.

జీపెక్కుతూ రచన ఆగింది. "గట్టిగా మాట్లాడలేదు. అంత మోతలో మాట్లాడాను. ఎలా తెలిసింది?"

"నువ్వు సప్పుడు జేయలే బిడ్డా," అంది రాజవ్వ. "నీ మూతి జేసింది."

*

తెర బిగించారు. ఫ్రిగేటు సీ ట్రయల్స్‌కు వెళ్లింది. వేల టన్నుల నౌక, పొడవుకు పొడవు, ఎత్తుకు ఎత్తు. తీరంలో మన రాడార్లన్నీ దాని కోసం వెతికాయి. ఫలితం చెప్పడానికి అనురాధ స్వయంగా సిరిసిల్ల వచ్చింది. సుజాత షిప్పు మీద క్షేమంగా ఉందని ముందే చెప్పి, తర్వాత గర్వంగా అంది.

"రాజవ్వా, అంత పెద్ద షిప్పు రాడార్ల ఎంత కనవడ్డదో ఎరుకేనా? చేపలు పట్టే చిన్న పడవంత!"

షెడ్డంతా చప్పట్లు కొట్టింది. రాజవ్వ కొట్టలేదు. మొహం చిట్లించి, సాంచా ఆపి, చీఫ్ దగ్గరకొచ్చి, తనకు చేతనైనంత మెల్లగా అడిగింది. రెండు వీధుల అవతల ఆటోలు ఆగాయి.

"పడవంత గూడ ఎందుకు కనవడ్డది? మా గుడ్డ మంచిగనే ఉన్నది. మీ ఇనుమోళ్లను జెర మంచిగ నెయ్యమనుండ్రి!"