పడవవాడి జవాబు

“ఈ ఆటలో గెలిచేది ఎప్పుడండీ?” అని అడిగింది ఉషారాణి, కుర్చీలో ఇంకా సరిగా కూర్చోకముందే.

“గెలవడం ఉండదండీ,” అన్నాడు పెంచలకృష్ణ.

“ఓడిపోవడం?”

“అదీ ఉండదు.”

“మరి సూళ్ళూరుపేటలో రైలెక్కి ఇంత దూరం నేనెందుకొచ్చినట్టు?”

పక్కనున్న ఎవాంజెలిన్ నవ్వు ఆపుకోలేకపోయింది. బతిమాలి తీసుకొచ్చింది ఆమే. తడ దగ్గర ఒకే ఫ్యాక్టరీలో ఇద్దరికీ ఉద్యోగం.

మైపాడు రోడ్డులో ఒక కాఫీ హోటలు మేడమీది గది అది. కాలేజీ రోజుల్లో పెంచలకృష్ణ రాసిన ‘రేవు’ అనే ఆటకు రెండో ఎడిషన్ సిద్ధమవుతోంది. అచ్చుకు వెళ్ళేముందు ఎవరైనా వచ్చి ఆడి, లోపాలు చెప్పవచ్చునని అతడు ప్రకటించాడు. ప్రతి ఆదివారం ఆ ప్లేటెస్ట్ జరిగేది. బల్లమీద బోర్డు ఉండదు, పాచికలు ఉంటాయి. ఆడేవాళ్ళు తలా ఒక పాత్ర ధరించి, మాటలతోనే కథ నడుపుతారు. దారిలో వాళ్ళకు ఎదురయ్యే మనుషులందరి తరఫునా మాట్లాడేది కథకుడు. ఆ పని పెంచలకృష్ణది.

కొత్త ఎడిషన్‌లో అతనికి ప్రాణమైన రూలు ఒకటుంది: మనసు పాచిక. కథలోని మనిషిని ఎవరైనా పెద్ద కోరిక కోరితే, జవాబు కథకుడు చెప్పకూడదు. పాచిక వేయాలి. నాలుగు గాని అంతకుమించి గాని పడితే సరే. తక్కువ పడితే కాదు.

“అంటే ఇష్టం లేకపోయినా డైస్ సరేనంటే సరేననాల్నా?” అంది ఉషారాణి.

“అనాలి. ఇష్టమున్నా, అది వద్దంటే వద్దనాలి. న్యాయం అందులోనే ఉంది.”

“న్యాయమా, తప్పించుకోవడమా?”

మంచి ప్రశ్న అనుకున్నాడు. ఆట గురించిన ప్రశ్న అనే అనుకున్నాడు.

ఆమె దీపస్తంభం కాపరి పాత్ర తీసుకుంది. కోవూరు నుంచి వచ్చే బ్యాంకు ఉద్యోగి హజరత్తయ్యకు మాత్రం కథలో మునిగిపోయిన ఓడ, అందులోని బంగారం తప్ప మరేమీ అక్కరలేదు. అందరినీ ఏరు దాటించడానికి మొదటి ఘట్టంలో ఓబయ్య అనే పడవవాడు వస్తాడు, దాటించి వెళ్ళిపోతాడు. అతని పని అంతే. ఉషారాణి అతణ్ణి వెళ్ళనివ్వలేదు.

“ఓబయ్యా, అన్నం తిన్నావా?”

“తిన్నానమ్మా.”

“ఏం కూర?”

పెంచలకృష్ణ తడబడ్డాడు. తాను రాసిన పుస్తకంలో ఓబయ్యకు పడవ ఉంది, తెడ్డు ఉంది. కూర లేదు.

“చేపల పులుసు.”

“నిన్నటిదా, ఇయ్యాళ్టిదా?”

“నిన్నటిదే.”

“అట్టయితే ఓపికుండే మనిషివే. పర్లేదు, నీ పడవ ఎక్కొచ్చు.”

హజరత్తయ్య నెత్తి కొట్టుకున్నాడు. “ఉషమ్మా, ఆడ సముద్రం అడుగున బంగారముండాది. నువ్వేందమ్మా పడవోడి పులుసు కాడనే నిలబడినావు?”

“నువ్వు మునుగు అన్నా. నేను ఒడ్డున నీ చెప్పులు చూసుకుంటుంటాలే.”

తరువాతి ఆదివారాల్లో బంగారం దొరికింది, పోయింది, మళ్ళీ దొరికింది. ఓబయ్య మాత్రం అలాగే ఉన్నాడు. పులికాట్ ఒడ్డున తన తండ్రి వల బాగుచేస్తూ ఎందుకు మాట్లాడడో, ఫ్యాక్టరీ వాన్ కిటికీలోంచి సరస్సును చూసినప్పుడు తనకు ఏమనిపిస్తుందో, కాపరి మాటలుగా మార్చి ఆమె ఓబయ్యకు చెప్పింది. సంగంలో తమ పొలం గట్టున ఒంటరిగా నిలబడితే తనకు కలిగే భయాన్ని పెంచలకృష్ణ పడవవాడి భయంగా ఆమెకు చెప్పాడు. వేషం వేసుకున్నాక మనిషి తక్కువ అబద్ధాలాడతాడు.

వింతేమిటంటే, బల్ల దగ్గర ‘నువ్వు’ అనుకునే ఆ ఇద్దరూ మెట్లమీదికి రాగానే ‘మీరు’ అయిపోయేవారు.

“వస్తానండీ.”

“మంచిదండీ.”

అంతే.

చివరి ఆదివారం వాయుగుండం పట్టింది. కిటికీ రెక్కలు మూసినా జల్లు లోపలికి కొడుతూనే ఉంది. ఉషారాణి తడిసి వచ్చింది. చున్నీ అంచుతో ముఖం తుడుచుకుని, తన వంతు వచ్చేదాకా పలకలేదు.

“ఓబయ్యా, పడమటి రేవు నుంచి నాకు పిలుపొచ్చింది. అక్కడ దీపం పెద్దది, జీతమూ పెద్దదే. పోతే ఇప్పట్లో రాను.”

“మంచి మాటే కదమ్మా.”

“మంచిదే. ఈడ ఉండేదానికి నాకు ఒకే ఒక్క కారణం ఉండాది. నువ్వు ఉండమంటే ఉంటా. చెప్పు.”

మిక్చర్ నములుతున్న హజరత్తయ్య నోరు ఆగిపోయింది. ఎవాంజెలిన్ తల దించుకుంది.

‘ఉండు’ అన్న మాట పెంచలకృష్ణ పెదవుల మీదే ఉంది. అంత సిద్ధంగా ఉన్నందుకే అతనికి భయం వేసింది. ఆ కోరిక ఓబయ్యదా, తనదా? గోడకు తాను స్వయంగా అంటించిన కాగితం కనిపించింది: పరీక్షలో ఉన్న రూలును వంచరాదు. అతడు పాచిక చేతిలోకి తీసుకున్నాడు.

“ఎయ్యాల్నా?” అంది ఆమె, చాలా మెల్లగా.

“పెద్ద కోరిక కదా. రూలు.”

పాచిక దొర్లి, రెండు చూపించి ఆగింది.

“వెళ్ళిరామ్మా,” అన్నాడు ఓబయ్య గొంతుతో. “పెద్ద దీపం నీకోసం చూస్తోంది.”

ఆమె పాచికను చూసింది. తరువాత అతణ్ణి చూసింది.

“సరే ఓబయ్యా.”

ఆ సాయంత్రం మెట్లమీద ఆమె ‘వస్తానండీ’ అనలేదు. “పోతానండీ,” అంది. వాన తొందర అనుకున్నాడు.

అయినా ఆ మాట మనసులో ఇంకా గుచ్చుకుంటూ ఉండగానే, ఒకరోజు ఎవాంజెలిన్ ఒంటరిగా వచ్చింది.

“కృష్ణన్నా, ఉష పూణే ప్లాంటుకు పోయింది.”

“నాకు ఒక్క మాటైనా చెప్పలేదే!”

“చెప్పకపోవడమేంది? నీ ఎదురుగానే గదా చెప్పింది, అందరి ముందూ. ఆ పిల్ల అంత ధైర్యం చేయడం నేను చూళ్ళేదు. నువ్వు పాచికేసినావు.”

ఫోను నంబరు అతని దగ్గర ఉంది. కాని ఏ ముఖంతో చేయడం? ముందు తప్పును దిద్దాలి అనుకున్నాడు. ఆ వానాకాలమంతా కూర్చుని ఆటను తిరగరాశాడు. మనసు పాచికను తీసివేశాడు. దాన్ని ఆనుకుని ఉన్న రూళ్ళన్నీ కదిలితే వాటినీ సరిచేశాడు. అది పశ్చాత్తాపం అనుకున్నాడు. నిజానికి అది పని మాత్రమే.

మరుసటి ఏడాది, మళ్ళీ వానల్లోనే, రెండో ఎడిషన్ అదే గదిలో విడుదలైంది. జనం కాఫీకి కిందికి దిగాక ఉషారాణి లోపలికి వచ్చింది. సెలవు మీద ఊరికి వచ్చిందట. బల్లమీది పుస్తకం తీసి పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగింది. బయటికే చదివింది.

“ఎదుటి మనిషి నిజంగా అడిగినప్పుడు పాచిక ముట్టరాదు. జవాబు మనిషే చెప్పాలి.” తలెత్తింది. “బాగుందండీ. ఎప్పుడు మార్చినారు?”

“మీరు వెళ్ళిన వానాకాలంలోనే.”

“అయితే అప్పటికే మీకు తెలుసు.” పుస్తకం మూసింది. “రూలు మార్చినారు. నాకు ఫోను మాత్రం చెయ్యలేదు.”

అతడు ఒక కుర్చీ జరిపాడు. ఆమె కూర్చుంది.

“ఆ రోజు రైల్లో ఫోను చేతిలోనే పట్టుకోని కూర్చున్నా. గూడూరు దాటినాక బ్యాగులో ఏసేసినా.”

పెంచలకృష్ణ ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. బల్లమీది పాచికలను చేత్తో పక్కకు తోశాడు.

“నేను ఒకటి అడగవచ్చునా? ఓబయ్య కాదు. నేను.”

“అడగండి.”

“మీరంటే నాకు ఇష్టం. ఆ రోజూ ఇష్టమే. పూణే వెళ్ళవద్దు. ఉండండి.”

వాన కిటికీ అద్దం మీద జారుతోంది. ఆమె తొందరపడలేదు. పాచిక ఆగడానికి అంతసేపు పట్టదు. జవాబు కోసం ఒక మనిషి ముఖంలోకి చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో అతనికి అప్పుడు తెలిసింది. నిరుడు ఆమె ఆ కష్టం పడింది; తాను మాత్రం బల్లమీదికి చూపు తిప్పుకున్నాడు.

“అక్కడ ఒకరున్నారండీ,” అంది చివరికి. “మాట కొంచెం కటువు. పులుసు పెడితే కారమని గోల చేస్తాడు. అయినా ఏమడిగినా జవాబు తనే చెప్తాడు.” కళ్ళు తుడుచుకుంది. “నిరుడు మీరు నోటితో ఒక్క మాట ఉండమనుంటే, ఆ రెండు పడినా ఉండిపోయేదాన్ని.”

అతడు తలూపాడు. కాదన్న మాట అది. అయినా ఆమె స్వయంగా, తన కళ్ళలోకి చూస్తూ చెప్పిన మాట. తాను ఆమెకు అంతమాత్రమైనా ఇవ్వలేదు.

కింద ఎవరో పెద్దగా నవ్వారు. హజరత్తయ్య కొత్తవాళ్ళకు బంగారం కథ చెబుతున్నట్టున్నాడు. ఉషారాణి లేచి, కిటికీ లోంచి వానను చూసింది.

“రైలు టైమవుతోంది. స్టేషన్ దాకా దింపుతావా, ఓబయ్యా?”

చాలా రోజుల తరువాత విన్న ‘నువ్వు’.

“దింపుతాను,” అన్నాడు పెంచలకృష్ణ, తన గొంతుతోనే.